నేల విడిచి సాము

"సొంతంగా నేర్చుకున్నాను" అన్న మాటకు మనవాళ్ళ దగ్గర నిలకడైన విలువ లేదు. సంగీతం గురించో వైద్యం గురించో ఆ మాటంటే ఎదుటివాళ్ళు కాస్త అనుమానంగా చూస్తారు. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్న సామెత నోటికి అందుబాటులోనే ఉంటుంది. అదే మాట సాఫ్టువేరు ఉద్యోగపు ఇంటర్వ్యూలో అంటే మెచ్చుకోలుగా తల ఊపుతారు. ఏకలవ్యుడి కథని కూడా ఇలాగే రెండు రకాలుగా వాడుకుంటాం. పిల్లలకు పట్టుదల గురించి చెప్పాల్సి వస్తే ఒకలా, ద్రోణుడు చేసిన అన్యాయం గురించి మాట్లాడాల్సి వస్తే ఇంకోలా. ఈ రెంటి మధ్యా ఒక చిన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఆ మట్టిబొమ్మ అతనికి ఏం నేర్పింది? విల్లు పట్టిన చెయ్యి వంకరపోతే "అలా కాదు నాయనా, ఇలా" అని బొమ్మ చెప్పదు కదా. మరి ఎవరు చెప్పారు?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. రెండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే రేడియో కంట్రోల్ విమానాలు ఎగరెయ్యడం నేర్చుకుంటున్నాను. దగ్గర్లో క్లబ్బు లేదు, నేర్పేవాళ్ళు లేరు. హైదరాబాదు చుట్టూ శంషాబాదు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ అని విమానాశ్రయాలూ వైమానిక దళ స్థావరాలూ ఉన్నాయి కాబట్టి, ముందు మ్యాపు చూసుకుని అనుమతి ఉన్నచోటికి ఊరు దాటి చాలా దూరం పోవాలి. వరి కోసేసిన మళ్ళు దొరికితే అదృష్టం. ఇది ఆ విమానాలు ఎలా ఎగరెయ్యాలో చెప్పే వ్యాసం కాదు. అయితే ప్రశ్న అక్కడే పుట్టింది కాబట్టి ఆ పని గురించి కొంచెం చెప్పక తప్పదు.

*

మొదలుపెట్టేవాళ్ళకు సాధారణంగా సూచించేది ఫోమ్‌తో చేసిన, రెక్క పైభాగాన ఉండే విమానం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు మీటరో, కొంచెం ఎక్కువో. ముక్కు దగ్గర ఒక మోటారు, పొట్టలో 11.1 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ. చేతిలో రెండు స్టిక్కులున్న ట్రాన్స్‌మిటరు. మన దగ్గర ఎక్కువమంది వాడే పద్ధతిలో ఎడమ స్టిక్కు మోటారు వేగాన్నీ తోక మీది రడ్డర్‌నీ, కుడి స్టిక్కు ఐలరాన్‌లనీ ఎలివేటర్‌నీ కదిలిస్తాయి. ఐలరాన్‌లు విమానాన్ని పక్కకు వాలుస్తాయి, ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ తిప్పుతుంది. బరువు సమతూకం రెక్క ముందంచు నుంచి సుమారు పావు, మూడోవంతు వెడల్పు మధ్యలో ఎక్కడో కుదరాలి. ఇదంతా ఇంజనీరింగ్ చదివినవాడికి ఒక సాయంత్రం పని.

ఎగిరిన మొదటి అర నిమిషం కూడా సులువే. విమానం మీనుంచి దూరంగా పోతూ ఉంటుంది. స్టిక్కు కుడికి నొక్కితే కుడికి వాలుతుంది. మీరూ విమానమూ ఒకే వైపు చూస్తున్నారు. చిక్కంతా అది వెనక్కి తిరిగి మీవైపు రావడం మొదలుపెట్టాక. ఇప్పుడు దాని కుడి మీ ఎడమ. స్టిక్కు కుడికి నొక్కితే అది తన కుడికే వాలుతుంది, మీ కంటికి మాత్రం ఎడమకు పోయినట్టుంటుంది. సరిదిద్దుదామని ఇంకాస్త కుడికి నొక్కుతారు. ఇంకాస్త ఎడమకు పోతుంది. ఆ తర్వాత నేలకు చేరడానికి రెండు మూడు సెకన్లు చాలు.

గమనించండి, ఇక్కడ తెలియని విషయం ఏమీ లేదు. ఎదురుగా వచ్చేవాడి కుడి నా ఎడమ అని ఒకటో తరగతి పిల్లాడికీ తెలుసు. గిల్బర్ట్ రైల్ 1949లో అచ్చయిన 'ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్'లో ఈ తేడానే పట్టుకున్నాడు: ఫలానాది ఇలా ఉంటుందని తెలియడం వేరు, ఫలానాది చెయ్యడం తెలియడం వేరు. మొదటిదాన్ని మనసులో చదువుకుని దాన్ని అమలు పెట్టడమే రెండోది అనుకుంటే పొరపాటంటాడు. మైకేల్ పొలానీ ఇంకో అడుగు ముందుకు వేసి సైకిలు ఉదాహరణ ఇచ్చాడు. సైకిలు పడిపోకుండా ఉండటానికి వంపుకీ వేగానికీ మధ్య ఒక లెక్క ఉంది. సైకిలు తొక్కేవాళ్ళలో ఆ లెక్క తెలిసినవాళ్ళు అరుదు. తెలిసినవాళ్ళకు తొక్కేటప్పుడు అది పనికిరాదు.

ఎదురొచ్చే విమానానికి పాతకాపులు ఒక చిట్కా చెబుతారు. కుడి ఎడమలు మర్చిపో, ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్కు ఆ వైపు నొక్కు, వాలిన రెక్కకు కర్ర పోటు పెట్టినట్టు. లెక్క వేసి చూస్తే ఇది సరిగ్గా సరిపోతుంది. మీ ఎడమన వాలినది విమానపు కుడి రెక్క. స్టిక్కు ఎడమకు నొక్కితే అది తన ఎడమకు దొర్లి, కుడి రెక్క పైకి లేస్తుంది. అయితే ఈ చిట్కా మనకు తెలివినేమీ పెంచదు. ఆలోచించాల్సిన పనిని తీసేస్తుంది, అంతే. కొన్ని నెలలు పోయాక ఆ చిట్కా కూడా అక్కర్లేకుండా పోతుంది. బొటనవేలు తనంతట తను కదులుతుంది. ఎప్పటినుంచి కదులుతోందో చెప్పలేం. నేర్చుకోవడం జరిగింది, కానీ నేర్చుకున్న క్షణం మాత్రం దొరకదు.

*

అయితే ఆ బొటనవేలికి ఎవరు నేర్పారు? గాలి నేర్పింది అనొచ్చు. కానీ గాలి చాలా చెడ్డ పంతులు. తీర్పు చెబుతుంది, కారణం చెప్పదు. 'తప్పు' అని పేపరు మీద ఎర్ర గీత పెట్టి వెళ్ళిపోయే రకం.

స్టాల్ అనే సంగతి చూడండి. రెక్క గాలిని చీల్చే కోణం ఒక హద్దు దాటితే, రెక్క పైన గాలి అంటుకుని పారడం మానేసి లిఫ్టు ఒక్కసారిగా తగ్గిపోతుంది. విమానం ముక్కు వాల్చి కిందికి జారుతుంది. కొత్తవాడు చేసే మొదటి పని ఎలివేటర్‌ని వెనక్కి లాగడం. పడిపోతున్నదాన్ని పైకెత్తాలనుకోవడం సహజమే కదా. లాగినకొద్దీ కోణం ఎక్కువవుతుంది, స్టాల్ ముదురుతుంది. చెయ్యాల్సింది దానికి వ్యతిరేకం. ముక్కును ఇంకా కిందికి దించి, వేగం పుంజుకోనిచ్చి, అప్పుడు మెల్లగా పైకి లాగాలి. పడుతున్నప్పుడు ఇంకొంచెం పడటానికి ఒప్పుకోవాలి. గాలి ఇదంతా వివరించదు. విమానం మడిలో ముక్కు కుచ్చి నిలబడుతుంది, అంతే. దాన్ని చూసి "ఇవాళ గాలి ఎక్కువుంది" అని తేల్చుకుని ఇంటికి పోవచ్చు. "బ్యాటరీ సరిగా లేదు" అనుకోవచ్చు. కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు.

సొంతంగా నేర్చుకోవడంలో అసలు కష్టం ఇదే అనిపిస్తుంది నాకు. చెప్పేవాడు లేకపోవడం కష్టం కాదు, ఈ రోజుల్లో చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కష్టమల్లా ఎగరేసేవాడూ, నిందితుడూ, సాక్షీ, జడ్జీ ఒకడే కావడం. గురువు ఉంటే ఇందులో కనీసం రెండు ఉద్యోగాలు ఆయన చూసుకుంటాడు. లేనప్పుడు మనలోనే ఒకడు పక్కకు జరిగి, మనమీద మనకున్న ప్రేమను అవతల పెట్టి, చూసింది చూసినట్టు చెప్పాలి. ఇది నైపుణ్యమూ కాదు, తెలివితేటలూ కాదు. పచ్చిగా చెప్పాలంటే నిజాయితీ. చేతికి వచ్చే విద్యలో నీతి ఇంత ముందుగా అడుగుపెడుతుందని నేననుకోలేదు.

రైట్ సోదరులకు నిజంగానే గురువు లేడు. ఉండే వీలే లేదు, ఎగరడం వచ్చిన మనిషే లేడు కాబట్టి. విల్బర్ రైట్ 1901లో షికాగోలో ఇంజనీర్ల సంఘం ముందు మాట్లాడుతూ ఒక ఆశ్చర్యకరమైన లెక్క చెప్పాడు. వాళ్ళందరికంటే ముందువాడు, 1896లో గ్లైడరు కూలి చనిపోయిన జర్మన్ ఇంజనీరు ఓటో లిలియంథాల్, అయిదేళ్ళ సాధనలో గాల్లో గడిపింది మొత్తం కలిపి దాదాపు అయిదు గంటలేనట. అయిదు గంటలు సైకిలు తొక్కినవాణ్ణి ఊరి సంతలో వదులుతామా? తమ్ముడితో కలిసి విల్బర్ ఎంచుకున్న దారి ఏమిటంటే, గాలి బాగా వీచే, కింద మెత్తటి ఇసుక ఉన్న కిటీ హాక్ అనే చోటు వెతుక్కోవడం. 1902లో అక్కడ వందలసార్లు గ్లైడరు మీద జారారు. 1903 డిసెంబరు 17న మోటారు విమానంతో ఎగిరిన 12 సెకన్ల వెనక ఈ ఇసుక ఉంది.

ఆ ఇసుకతోపాటు ఇంకొకటి కూడా ఉంది. 1899లో విల్బర్ స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరం రాసి, ఎగరడం గురించి అప్పటిదాకా ఎవరెవరు ఏం రాశారో తెప్పించుకున్నాడు. లిలియంథాల్ పట్టికలు చదివాడు. గ్లైడరు లెక్క ప్రకారం లేవకపోతే అన్నదమ్ములిద్దరూ విండ్ టన్నెల్ కట్టుకుని తిరిగి కొలిచారు. పైగా వాళ్ళు ఇద్దరు, ఒకడు ఎగిరితే రెండోవాడు కింద నిలబడి చూశాడు. గురువు లేనివాళ్ళకు కూడా చనిపోయినవాళ్ళ పట్టికలూ, బతికున్న సాక్షీ అవసరమయ్యాయన్నమాట. "సొంతంగా" అన్న మాటను ఇక్కడినుంచి కొంచెం జాగ్రత్తగా వాడాలి.

*

ఇప్పుడు ఇంకో రకం గురువు వచ్చాడు. కొత్తవాళ్ళ కోసం అమ్మే చాలా విమానాల్లో జైరో ఉంటుంది. స్టిక్కు వదిలేస్తే తనే రెక్కలు సమం చేసుకుంటుంది. హద్దు దాటి వాలనివ్వదు. దీన్ని పెట్టుకుంటే మొదటి రోజే చక్కర్లు కొట్టొచ్చు. ఇది మోసమని నేననను. కానీ ఎగరేసింది ఎవరు అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఎదురొస్తున్న విమానానికి మీరు తప్పు వైపు స్టిక్కు నొక్కారు, కంగారుపడి వదిలేశారు, జైరో సరిచేసింది. గాలి పెట్టాల్సిన ఎర్ర గీత మీదాకా రాలేదు. తప్పు జరిగింది, తప్పు జరిగినట్టు తెలియలేదు.

2009 జూన్ 1న రియో డి జెనీరో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగాన్ని కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ తప్పుకుంది. విమానం బాగానే ఉంది, రెక్కలూ ఇంజన్లూ బాగానే ఉన్నాయి. నడుపుతున్న పైలట్ ముక్కును పైకి లాగాడు. స్టాల్ హెచ్చరిక మోగుతున్నా ఎక్కువసేపు లాగే పట్టాడు. దాదాపు 38,000 అడుగుల నుంచి మూడున్నర నిమిషాల్లో అట్లాంటిక్‌లో పడింది. 228 మంది చనిపోయారు. ఆ రాత్రి ఆ కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళను ఇక్కడ కూర్చుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చీకటి, తుపాను మబ్బులు, పొంతన లేని అంకెలు. నన్ను పట్టుకున్నది ఒకటే. పడుతున్నప్పుడు ఇంకొంచెం పడటానికి ఒప్పుకోవాలన్న పాఠం పుస్తకంలో వాళ్ళందరికీ తెలుసు. తెలిసినది చేతికి రావాలంటే అంతకుముందు ఎన్నోసార్లు పడి లేచిన అనుభవం ఉండాలి. అంత ఎత్తున చేత్తో నడపాల్సిన అవసరమే రానివ్వని యంత్రం, ఆ అనుభవం పోగయ్యే వీలు కూడా లేకుండా చేసింది.

ఇది చదివే సాఫ్టువేరువాళ్ళకు నేనెటు పోతున్నానో అర్థమయ్యే ఉంటుంది. మా దగ్గర ఇప్పుడు కోడు రాసిపెట్టే సహాయకులు వచ్చాయి. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారంలోనే చక్కర్లు కొడుతున్నారు. పని అవుతోంది, పరీక్షలు పాసవుతున్నాయి. అది తప్పుకున్న రోజున ఏమవుతుందన్నది ఎవరికీ అత్యవసరం కాదు, తప్పుకునేదాకా.

దీనికి "కాబట్టి జైరో పీకెయ్యండి" అనేది సులువైన జవాబు. అది నాకు పూర్తిగా ఒప్పుదలగా లేదు. ఎందుకో చెప్తాను.

*

ఈ హాబీలో ఒక మాట ఉంది, ఎప్పుడూ మూడు తప్పుల ఎత్తులో ఎగరెయ్యమని. ఎత్తును మీటర్లలో కాకుండా తప్పులలో కొలవడం. ఒక తప్పు చేస్తే కొంత ఎత్తు పోతుంది. దాన్ని దిద్దబోయి ఇంకో తప్పు చేస్తే ఇంకొంత పోతుంది. మూడోది కూడా అయ్యాక తేరుకోవడానికి కింద ఇంకా గాలి మిగిలి ఉండాలి. నేల దగ్గర భద్రంగా ఉంటుందని కొత్తవాళ్ళకు అనిపిస్తుంది, నిజానికి అక్కడ ఒక్క తప్పుకు కూడా చోటు లేదు. నేల విడిచి సాము చెయ్యకూడదంటారు. ఈ విద్యకు మాత్రం నేలను బాగా విడిస్తేనే సాము.

నిరుడు చలికాలంలో పొలం గట్టున గేదెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు. "గిది పెండ్లిల ఫొటోలు తీసేదా సార్?" అన్నాడు. కాదు, ఊరికే ఎగరేస్తానన్నాను. ఎవరు నేర్పారని అడిగాడు. ఎవరూ లేరు పెద్దాయనా, సొంతంగానే అన్నాను. "మరి పడ్తె?" అన్నాడు. పడితే అతికించుకుని మళ్ళీ ఎగరేస్తానన్నాను. నవ్వాడు. "మా పిలగాడు ట్రాక్టర్ నేర్సుకుంటనంటున్నడు సార్. ఎవలి ట్రాక్టర్ మీద నేర్సుకోవాలె? ఒక్కపారి గట్టుకు గుద్దిండంటే ఏడాది పంట పాయె," అన్నాడు. ఫిర్యాదుగా కాదు, వాన గురించి మాట్లాడినట్టే అన్నాడు.

మూడు తప్పుల ఎత్తు అన్న మాటకు ఇంకో అర్థం ఉందని నాకు అప్పుడు తట్టింది. నా విమానం నేలకు తగిలితే పోయేది కొంత ఫోమూ, ఒక ప్రొపెల్లరూ, ఒక సాయంత్రమూ. మొత్తం సరంజామా ఒక మంచి ఫోను ధరలోపే. నా పట్టుదలా ఓపికా నిజమే కావచ్చు, కానీ అవి నిలబడింది ఈ ఎత్తు మీద. ఆ కుర్రాడికి నాకంటే ఎక్కువ పట్టుదల ఉండొచ్చు. అతనికి ఉన్నది ఒక తప్పు ఎత్తు, అదీ అరువు ట్రాక్టరు మీద. సొంతంగా నేర్చుకోవడాన్ని వ్యక్తి గుణంగా మెచ్చుకునేటప్పుడు మనం ఈ ఎత్తును లెక్కలోకి తీసుకోం. తప్పులు చెయ్యండి, తప్పులనుంచి నేర్చుకోండి అని ఊరికే సలహాలిస్తాం. ఎవరి ఖర్చుతో అన్న మాట అందులో ఉండదు.

ఆ ఖర్చు ఒక్కోసారి అసలు సంబంధంలేనివాళ్ళ మీద పడుతుంది. ఒక కిలో బరువున్న విమానం సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తే, దాని తాకిడి పదకొండు మీటర్ల పైనుంచి జారిపడిన కిలో బరువుతో సమానం. ముందు తిరిగే ప్రొపెల్లరు దీనికి అదనం. 2021 డ్రోన్ నిబంధనలు ఇలాంటి మోడళ్ళను కంటికి కనబడే దూరంలోనే ఎగరెయ్యాలంటాయి. నిబంధన లేకపోయినా సంగతి మారదు. తప్పులు చేసే హక్కు నాకుంది గానీ, నా తప్పుల కింద నిలబడమని ఇంకొకరిని అడిగే హక్కు నాకు లేదు. ఏకలవ్యుడి అడవి నిర్మానుష్యమే అనుకుంటాం కానీ అక్కడికీ ఒక కుక్క వచ్చింది. దాని నోట్లోకి ఏడు బాణాలు పోయాయి. ఆ బాణాల నేర్పు చూసి పాండవులు ఆశ్చర్యపోయారని భారతం చెబుతుంది. కుక్క ఏమనుకుందో చెప్పదు. పూర్తిగా ఖాళీగా ఉండే మైదానం ఎక్కడా ఉండదు.

*

విమానాలు నేర్పే క్లబ్బులున్నచోట ఒక పద్ధతి ఉంది. రెండు ట్రాన్స్‌మిటర్లను కలుపుతారు, ఒకటి నేర్చుకునేవాడి చేతిలో, ఒకటి నేర్పేవాడి చేతిలో. నేర్పేవాడు ఒక స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం శిష్యుడిది. వదిలితే గురువుది. గురువు ఏమీ చెప్పనక్కర్లేదు. పొలానీ అన్నట్టు చెప్పేదేమీ ఉండకపోవచ్చు కూడా. ఆయన చేసేదల్లా శిష్యుడు తప్పు చేస్తుంటే చూస్తూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆగి, మూడో తప్పు తర్వాత స్విచ్ వదలడం. జైరోకూ ఈయనకూ తేడా ఇక్కడే ఉంది. జైరో తప్పు జరగగానే కప్పేస్తుంది. ఈయన తప్పును కనబడనిస్తాడు, దాని ఖరీదు మాత్రం తను భరిస్తాడు.

అందుకే జైరో పీకెయ్యమనే సలహా నాకు రుచించదు. ఎత్తు ఉన్నవాడికి అది మంచి సలహా. లేనివాడికి అది పడిపొమ్మని చెప్పడం. అతనికి కావలసింది తన ఎత్తును కాసేపు అప్పిచ్చే ఒక మనిషి. గురువంటే తెలిసినవాడనీ, తెలిసినదాన్ని చెప్పేవాడనీ అనుకుంటూ వచ్చాం. చెప్పడం ఇప్పుడు యంత్రాలు కూడా చేస్తాయి. కానీ శిష్యుడి తప్పు తన లెక్కలో రాసుకోవడం ఇంకా మనుషుల పనే. ద్రోణుడు విద్య చెప్పనన్నాడన్నది ఒక అన్యాయం. అప్పివ్వని ఎత్తుకు వడ్డీగా బొటనవేలు వసూలు చేసుకున్నాడన్నది నాకు దానికంటే పెద్ద అన్యాయంగా కనిపిస్తోంది. స్టిక్కు మీద ఉండేది ఆ వేలే.

ఆఫీసులో ఇప్పుడు కొత్తవాళ్ళ పని చూడాల్సిన వయసుకు వచ్చాను. వాళ్ళు ఎంత త్వరగా ఎగరగలరన్నది మమ్మల్ని అడుగుతారు, దానికి అంకెలున్నాయి. ఎవరికి ఎన్ని తప్పుల ఎత్తు ఇచ్చామన్నది ఎవరూ అడగరు, దానికి అంకె లేదు. ఇవ్వాలంటే గడువులో కొంత పోతుంది, కొన్ని రాత్రులు పోతాయి, పైవాళ్ళ దగ్గర నా పేరు కొంచెం తగ్గుతుంది. ఆ మాత్రం పోగొట్టుకునే ఎత్తు నాకుంది కదా అనుకుంటాను. ట్రాక్టరు సంగతికి మాత్రం నా దగ్గర ఇంకా జవాబు లేదు. పంట పోయే భయం లేకుండా ఆ కుర్రాడు మూడుసార్లు గట్టుకు గుద్దుకోవాలంటే ఆ ట్రాక్టరు ఎవరిది కావాలి?